చావంటే భయమా, నేను నేను కాకుండా పోతానన్న భయమా

"కాలూ చెయ్యీ ఆడుతుండగానే పోవాలి." వయసు మళ్ళినవాళ్ళ దగ్గర కాసేపు కూర్చుంటే ఈ మాట వినకుండా లేచి రావడం కష్టం. చాలామంది దీన్ని చావు గురించిన మాటగా వింటారు. నాకైతే ఇది మనిషి తన గురించి తాను చెప్పుకుంటున్న మాటలాగే వినిపిస్తుంది. నా పని నేను చేసుకోగలిగినంతకాలమే నేను నేను, ఆ తర్వాత మంచం మీద ఉండేది ఇంకెవరో, ఆ ఇంకెవరో అయ్యి బతకడం నాకొద్దు అని చెప్తున్నారు వాళ్ళు. చావంటే భయమా అని నేరుగా అడిగి చూడండి, "చావుకి భయమెందుకు, మంచాన పడతానేమోనని భయం" అంటారు ఎక్కువమంది.

కొన్నాళ్ళుగా ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతున్నాను. అమ్మానాన్నలిద్దరూ పెద్దవాళ్ళవుతున్నారు, ఇద్దరూ చావు గురించి మాట్లాడతారు, కానీ ఒకే ఇంట్లో అన్నేళ్ళు కలిసి బతికిన ఆ ఇద్దరి మాటలకీ పోలికే ఉండదు. ఎందుకింత తేడా అన్నది తెలుసుకోవాలనిపించింది.

వయసు పెరిగేకొద్దీ చావు దగ్గరవుతుంది కాబట్టి భయమూ పెరుగుతుందని మనం అనుకుంటాం. ఫోర్ట్‌నర్, నీమయర్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు వృద్ధుల మరణభయం మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి 1999లో ఒక సమీక్ష రాశారు. అరవై దాటినవాళ్ళలో ఎవరికి భయం ఎక్కువ, ఎవరికి తక్కువ అన్నది వయసుని బట్టి చెప్పలేమని అందులో తేలింది. ఆడా మగా అన్నదాన్ని బట్టీ చెప్పలేం. ఎంత దైవభక్తి ఉందన్నదాన్ని బట్టి కూడా చెప్పలేం, నన్ను ఆశ్చర్యపరిచింది ఇదే. భయం ఎక్కువున్నవాళ్ళలో కనిపించినవి మూడు: ఒంట్లో జబ్బులు, మనసులో కుంగుబాటు లాంటి బాధలు, ఇక మూడోది, తాను బతికిన బతుకుతో తనకి రాజీ లేకపోవడం.

ఈ మూడోదాని గురించి ముందుగా గట్టిగా చెప్పినవాడు ఎరిక్ ఎరిక్సన్ అనే అమెరికన్ మనోవిశ్లేషకుడు. మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా విడదీసి 1950లో రాశాడు. చివరి దశలో మనిషి చెయ్యాల్సిన పని ఒకటే అంటాడు, వెనక్కి తిరిగి చూసుకుని, మంచీ చెడూ అన్నిటితో కలిపి ఇది నా బతుకు, ఇలాగే జరగాల్సి ఉంది, ఇలాగే జరిగింది అని ఒప్పుకోవడం. అలా ఒప్పుకోలేని మనసులో అది చావుభయంగా బయటికొస్తుందని ఆయన అభిప్రాయం. ఇంకోసారి మొదలుపెట్టడానికి టైం లేదు, ఉన్నదేమో నచ్చలేదు, ఆ ఇరుకులోంచి పుట్టే భయం అది. బయటికి మాత్రం అది భయంలా కనిపించదు. చిరాకులా, పిల్లల మీద విసుగులా, లోకమంతా చెడిపోయిందన్న కోపంలా కనిపిస్తుంది.

ఎరిక్సన్ 1994లో పోయాడు. ఆ తర్వాత ఆయన భార్య జోన్ ఆ ఎనిమిదింటికి తొమ్మిదోది చేర్చింది, అప్పటికి ఆమెకి తొంభై దాటాయి. ఎనభైలూ తొంభైలూ వచ్చాక వెనక్కి తిరిగి చూసుకుని బాధపడే తీరిక కూడా ఉండకపోవచ్చని, ఇవాళ్టి ఒంటి బాధలూ, ఒక్కొక్కటిగా చెయ్యిజారిపోతున్న శక్తులూ మనిషి దృష్టినంతా లాగేసుకుంటాయని రాసింది. ఈ విషయం మీద నేను చదివినవాటిలో అన్నిటికన్నా నిజాయితీగా అనిపించిన మాట ఇదే. మిగతావాళ్ళు ముసలితనం గురించి రాశారు, ఆమె అందులో ఉండి రాసింది.

పెద్దవాళ్ళు పాత సంగతులు మళ్ళీ మళ్ళీ ఎందుకు చెప్తారన్నది కూడా ఇక్కడే అర్థమైంది నాకు. ఒకప్పుడు డాక్టర్లే దీన్ని బుర్ర మందగిస్తోందన్నదానికి గుర్తుగా చూసేవారట. 1963లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు అది తప్పని రాశాడు. చావు దగ్గరపడుతోందని తెలిసినప్పుడు మనిషి తన జీవితాన్ని తానే తిరగేసుకోవడం సహజమని, తేలని లెక్కలు తేల్చుకోవడానికి మనసు చేసే పని అదేనని ఆయన వాదన. ఒకే సంఘటనని ఒకరు పదిసార్లు చెప్తున్నారంటే అది మర్చిపోయి చెప్పడం కావచ్చు, లేదా అందులో ఇంకా తేలనిది ఏదో ఉండిపోయి కూడా కావచ్చు. ఈసారి ఎవరైనా మొదలుపెడితే "ఇది చెప్పావుగా" అనకుండా "అప్పుడు నీకేమనిపించింది?" అని అడిగి చూడండి. కథ చాలాసార్లు వేరే దారి పడుతుంది.

అయితే నాకు బాగా పట్టుకున్న ప్రశ్న వేరే ఉంది. "ఇక చాలు, పోతే బాగుండు" అని ఎవరైనా అన్నప్పుడు ఆ మాటని ఎలా వినాలి?

మా పెద్దనాన్న లెక్కల మాస్టారు. బళ్ళో ఉన్నన్నాళ్ళూ ఎవరికి ఏ సందేహం వచ్చినా ఆయన దగ్గరికే రావాలి, రిటైరయ్యాక కూడా కొన్నేళ్ళు వచ్చారు, తర్వాత రావడం మానేశారు, అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి కదా. మనిషి ఆరోగ్యంగానే ఉన్నారు. బీపీ కూడా లేదు. అయినా రోజూ "నాతో ఇంకేం పనుందమ్మా, నన్ను తీసుకుపోతే పోలా" అనేవారు. ఇంట్లో అందరూ దాన్ని వైరాగ్యం అనుకున్నారు, పెద్దాయన చావుకి సిద్ధంగా ఉన్నారు, ధైర్యవంతుడు అని మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. నాకెప్పుడూ అది ధైర్యంలా అనిపించలేదు. ఆయన తానంటే ఏమనుకున్నారో ఆ మనిషి అప్పటికే పోయాడు, శరీరం మాత్రం ఇంకా మిగిలి ఉంది.

మా పక్కింట్లో ఉండే బామ్మగారు కూడా దాదాపు అవే మాటలు అనేవారు. "నేను చేసేవన్నీ ఎవరో ఒకరు చేసుకుంటున్నారు, ఇంక నేనుంటే ఎంత, పోతే ఎంత." కాగితం మీద రాస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. కానీ ఆవిడ అలా అన్న నిమిషానికే మా పాప పరీక్ష ఎప్పుడో అడిగేవారు, పూలమొక్క ఎండకి వాడిపోతోంది కాస్త నీడకి జరపమనేవారు, రేపు ఎవరెవరు వస్తారో లెక్కేసేవారు. ఆవిడ తనని తాను ఒక్కచోట పెట్టుకోలేదు, ఆ మనిషిలో మనవడి చదువూ, కోడలు నేర్చుకున్న కుట్టుపనీ, వీధిలో సగంమంది కష్టసుఖాలూ అన్నీ కలిసి ఉండేవి. వాటిలో ఒకటి పోయినా ఆవిడ మిగిలే ఉండేవారు.

ఈ తేడాని మనస్తత్వవేత్తలు కూడా పట్టుకున్నారు. పాల్ వాంగ్, ఆయన సహచరులు చావు పట్ల మనుషుల వైఖరిని కొలవడానికి 1994లో ఒక ప్రశ్నావళిని సవరించి బయటికి తెచ్చారు. అందులో భయం ఒక రకం, అసలు ఆ ఊసే ఎత్తకుండా తప్పించుకోవడం ఇంకో రకం. ఒప్పుకోవడం మాత్రం ఒక్క రకం కాదంటారు వాళ్ళు, మూడు రకాలు. చావు కూడా బతుకులో ఒక భాగమే, దాన్ని కోరుకోనూ, దానికి భయపడనూ అనేది ఒకటి. చనిపోయాక ఇంతకన్నా మంచిది ఏదో ఉందన్న నమ్మకంతో ఎదురుచూడటం రెండోది. ఈ బతుకు భరించలేను, ఇందులోంచి బయటపడితే చాలు అనేది మూడోది. బామ్మగారిది మొదటిది, పెద్దనాన్నది మూడోది. వాటిని కలిపేసి ఇద్దరూ సిద్ధంగా ఉన్నారని అనుకోవడం చాలా ప్రమాదం, ఎందుకంటే మూడోదాని వెనక చాలాసార్లు వైద్యం చెయ్యదగ్గ కుంగుబాటు ఉంటుంది. పెద్దవయసులో దిగులు సహజమేలే అని డాక్టర్లూ, ఇంట్లోవాళ్ళూ దాన్ని వదిలేస్తుంటారు. అది సహజం కాదు, జబ్బు. ఎవరైనా ఈ మూడో రకంగా మాట్లాడుతుంటే, తిండి తగ్గి, నిద్ర తగ్గి, ఇష్టమైనవి కూడా వద్దంటుంటే వెంటనే డాక్టరుకి చూపించండి. మందులూ పనిచేస్తాయి, మాటల ద్వారా చేసే చికిత్సా పనిచేస్తుంది, ఎనభై ఏళ్ళవాళ్ళకి కూడా.

ఇక్కడ ఇంకో ఆలోచన వస్తుంది ఎవరికైనా. ఈ "నేను" అన్నదే గొడవైతే, దాన్ని వదిలేస్తే సరిపోదా? లార్స్ టోర్న్‌స్టమ్ అనే స్వీడన్ సామాజిక శాస్త్రవేత్త దాదాపు ఇదే చెప్పాడు. వయసు మీదపడేకొద్దీ కొంతమందిలో తన మీద తనకున్న పట్టింపు సడలుతుందని, ముందుతరాలూ వెనకతరాలూ అన్నీ ఒకే వరుస అన్న భావన పెరుగుతుందని, దాంతో చావుభయం తగ్గుతుందని 1980ల చివరి నుంచి రాస్తూ వచ్చాడు. బామ్మగారిని చూసినవాళ్ళెవరైనా ఇది నమ్ముతారు.

కానీ దీనికి అడ్డం తిరిగే ఫలితం కూడా ఒకటుంది, దాన్ని దాటేసి వెళ్ళిపోవడం నాకిష్టం లేదు. 2018లో తత్త్వవేత్త షాన్ నికోల్స్, మనస్తత్వవేత్త నీనా స్ట్రోమింగర్, మరికొందరు కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. ఆత్మ అనేది శాశ్వతంగా ఉండేదేమీ కాదని, "నేను" అన్నదే ఒక భ్రమ అని నమ్మే టిబెటన్ బౌద్ధ సన్యాసులని చావు గురించి అడిగారు, హిందువులనీ, పాశ్చాత్యులనీ కూడా అడిగారు. అందరికన్నా సన్యాసులకే భయం తక్కువ ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. వాళ్ళకే ఎక్కువ ఉందని తేలింది. ఇంకా విచిత్రం, తమ ఆయుష్షులో కొంత వదులుకుని ఎవరో తెలియనివాళ్ళకి ఎక్కువ ఆయుష్షు ఇవ్వగలరా అని ఊహించి చెప్పమంటే, అందులోనూ వాళ్ళే వెనకాడారు.

దీన్నిబట్టి ఆ నమ్మకం అబద్ధమనో, సన్యాసులు మోసగాళ్ళనో నేననను. చావు గురించి రోజూ ధ్యానం చేసేవాళ్ళు తమ భయాన్ని ఇతరులకన్నా నిజంగా చెప్పి ఉండొచ్చు, వాళ్ళందరూ ముసలివాళ్ళూ కాదు. నేను తీసుకున్నది ఇంతే: "నేను" అనేది లేదని బుద్ధితో ఒప్పుకోవడం వేరు, రోజూ పొద్దున్నే లేచేటప్పుడు ఉండే ఆ నేను సడలడం వేరు. బామ్మగారికి ఏ సిద్ధాంతమూ తెలియదు. మనుషుల్ని ఎక్కువగా పట్టించుకుంటూ అన్నేళ్ళు బతకడం వల్ల ఆవిడ నేను దానంతటదే పలచబడింది. ఎవరికైనా చావుభయం పోవాలని వేదాంతం చెప్పేవాళ్ళని చూస్తే ఇప్పుడు నాకు కొంచెం కోపమే వస్తుంది, ముఖ్యంగా ఆ ఎదుటి మనిషి మంచం మీద ఉన్నప్పుడు.

శరీరం సంగతి కొంచెం చెప్పాలి. నలభై దాటినవాళ్ళు తమ అసలు వయసుకన్నా సగటున ఇరవై శాతం చిన్నవాళ్ళమన్నట్టు లోపల అనుకుంటారని 2006లో డెన్మార్క్‌లో జరిగిన ఒక అధ్యయనంలో తేలింది. అంటే డెబ్భై అయిదేళ్ళ మనిషి లోపల అరవై దగ్గరే ఉన్నారు. అద్దం ఒకటి చెప్తుంది, లోపలి మనిషి ఒకటి చెప్తాడు. యేల్ యూనివర్సిటీలో బెక్కా లెవీ బృందం 2002లో ఇంకా పెద్ద విషయం చెప్పింది, తమ ముసలితనం గురించి మంచిగా అనుకునేవాళ్ళు చెడ్డగా అనుకునేవాళ్ళకన్నా సగటున ఏడున్నరేళ్ళు ఎక్కువ బతికారట. ఒహాయోలో ఒక చిన్న ఊళ్ళో యాభై దాటిన 660 మందిని ఇరవై ఏళ్ళకి పైగా గమనించి తేల్చిన లెక్క అది. ఇలాంటి అధ్యయనంలో కారణమేదో, ఫలితమేదో పూర్తిగా విడదియ్యలేం అన్నది నిజమే. అయినా ముసలితనమంటే అక్కరకి రాకపోవడం అని ఇంటా బయటా వింటూ పెరిగిన మనిషికి, ఆ వయసు తనకే వచ్చినప్పుడు ఆ మాటలన్నీ తన మీదికే తిరుగుతాయి కదా. పెద్దనాన్న రిటైరైన ముసలివాళ్ళ గురించి తన యాభైలలో ఏమనేవారో నాకు గుర్తుంది.

"ఎవరికీ బరువు కాకూడదు" అన్న మాట వెనక ఉన్నది కూడా ఇదే. కెనడాలో హార్వీ చోచినోవ్ అనే మానసిక వైద్యుడు చావు దగ్గరపడిన రోగులతో చాలా ఏళ్ళు పనిచేశాడు. బతకాలన్న ఆశని తగ్గించేవాటిలో నొప్పి ఒక్కటే లేదని, ఇతరులకి బరువయ్యానన్న భావన, తనకి గౌరవం లేకుండా పోయిందన్న భావన కూడా ఉన్నాయని ఆయన గమనించాడు. దాన్నుంచి ఒక పద్ధతి తయారుచేశాడు. రోగి పక్కన కూర్చుని కొన్ని ప్రశ్నలు అడుగుతారు: మీ జీవితంలో ముఖ్యమైనవి ఏమిటి, నిజంగా బతికాననిపించిన రోజులేవి, మీరు చేసినవాటిలో దేనికి గర్వపడతారు, మీవాళ్ళకి ఏం చెప్పాలనుంది. చెప్పిందంతా రికార్డు చేసి, రాసి, దిద్ది, మళ్ళీ వాళ్ళకే చదివి వినిపించి చేతికిస్తారు. వాళ్ళు ఎవరికివ్వాలనుకుంటే వాళ్ళకిస్తారు. 2005లో వచ్చిన మొదటి ఫలితాల్లో నూరుమంది రోగుల్లో 91 శాతం మంది దీంతో తృప్తిగా ఉన్నామన్నారు. 2011లో ఇంకా కట్టుదిట్టంగా పోల్చి చూస్తే బాధని కొలిచే ప్రధాన కొలతల్లో పెద్ద తేడా రాలేదు, కానీ ఇది మాకు ఉపయోగపడింది, మా గౌరవం పెరిగింది, మమ్మల్ని ఇంట్లోవాళ్ళు చూసే తీరు మారింది అని రోగులు చెప్పారు. నాకు ఆ చివరిది చాలా విలువైనదనిపించింది. మంచం మీద ఉన్న మనిషిని మందుల చీటీగా చూడటం అలవాటైపోయిన ఇంట్లో, ఆ మనిషికి ఒక యవ్వనం, ఒక పంతం, ఒక ప్రేమ ఉన్నాయని గుర్తుచెయ్యడం చిన్న పని కాదు. దీనికి ఆసుపత్రి కూడా అక్కర్లేదు, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన కూర్చుంటే చాలు.

అన్నిటికన్నా కష్టమైనది మతిమరుపు జబ్బు. చావుకన్నా ముందే తాను పోవడం అంటే అదేనని చాలామంది అంటారు, "అలాంటి రోజు వస్తే నన్ను బతికించొద్దు" అని ముందే చెప్పిపెడతారు. ఇక్కడ స్ట్రోమింగర్, నికోల్స్ 2015లో చేసిన ఇంకో పని చదవదగ్గది. మెదడు జబ్బులున్నవాళ్ళ కుటుంబాలని, ఈ మనిషి మీకు ఇంకా పాత మనిషిలాగే అనిపిస్తున్నారా అని అడిగారు. అల్జీమర్స్‌లో జ్ఞాపకం పోయినా చాలామందికి ఆ మనిషి ఆ మనిషిగానే అనిపించారు. దయ, నిజాయితీ లాంటి గుణాలు మారిపోయే ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియాలో మాత్రం వేరే మనిషి అయిపోయారన్నారు. అంటే మనం భయపడేదేమో జ్ఞాపకం పోతుందని, పక్కవాళ్ళు మనల్ని గుర్తుపట్టేదేమో మన స్వభావంతో.

ముందే చెప్పిపెట్టిన మాటకి ఎంత విలువివ్వాలన్నది కూడా తేలిక ప్రశ్న కాదు. పూర్తి తెలివితో ఉన్నప్పుడు మనిషి తన బతుకు ఎలా ముగియాలనుకున్నారో అదే చెల్లాలని న్యాయ తత్త్వవేత్త రోనాల్డ్ డ్వార్కిన్ 1993లో వాదించాడు, తర్వాత ఆ మనిషి మతిమరుపులో సంతోషంగానే ఉన్నా సరే అన్నాడు. రెబెకా డ్రెస్సర్ అనే న్యాయశాస్త్ర అధ్యాపకురాలు ఒప్పుకోలేదు. ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని నవ్వుతున్న మనిషి బాగోగులు చూడాలా, ఎప్పుడో సంతకం పెట్టిన మనిషి కోరికా అన్నది ఆమె ప్రశ్న. చాలాకాలం నేను డ్వార్కిన్ వైపు ఉన్నాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్నప్పుడు భరించలేం అనుకున్న స్థితుల్లోకి నిజంగా వెళ్ళినవాళ్ళు, మనం ఊహించినదానికన్నా బాగానే సర్దుకుంటారని పరిశోధనలూ చెప్తున్నాయి, చుట్టూ చూసినా తెలుస్తుంది. చక్రాల కుర్చీ కన్నా చావు మేలన్నవాళ్ళే ఆ కుర్చీలో కూర్చుని మనవరాలి పెళ్ళి పనులు పురమాయించడం అరుదేమీ కాదు.

అందుకే ఈమధ్య అమ్మని ఏ వైద్యం కావాలి, ఏది వద్దు అని అడగకుండా, ఏది పోతే నువ్వు నువ్వు కాదనిపిస్తుంది అని అడిగాను. "మిమ్మల్ని గుర్తుపట్టకపోయినా ఫరవాలేదే, ఎవరో మంచివాళ్ళు అన్నం పెడుతున్నారనుకుంటాను. కానీ నోటికొచ్చినట్టు తిట్టడం మొదలుపెడితే మాత్రం, ఆవిడ ఇలాంటిది కాదని వచ్చినవాళ్ళకి చెప్పు" అంది. అదే ప్రశ్న నాన్నని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, పేపరు చదివి అర్థం చేసుకోలేని రోజు వస్తే ఇంక ట్యూబులూ వెంటిలేటర్లూ పెట్టించొద్దని, ఆ విషయంలో అమ్మ మాట కూడా వినొద్దని అన్నారు. ఇద్దరి మాటలూ వాళ్ళ చేత్తోనే రాయించి తారీఖు వేయించాను. ఏడాదికోసారి మళ్ళీ అడుగుతానని, అప్పటికి మనసు మారితే మార్చుకోవచ్చని కూడా చెప్పాను. అమ్మ సరేనంది. నాన్న మాత్రం తనది మారదన్నారు.